ఆకలేసిన గంటలో జేబులో చెయ్యి పెట్టకుండా ఉండాలంటే

బాబూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సత్తెనపల్లి అవతల పల్లెటూరు, గుంటూరులో డిగ్రీ రెండో ఏడు. హాస్టల్ తిండి పడక బ్రాడీపేటలో ఒక్కడివే రూమ్ తీసుకున్నావు. తిండికి ఇంట్లో ఇచ్చేది నెలకి 4000 రూపాయలు. ఫ్రిజ్ లేదు, ఓనర్ గ్యాస్ పెట్టొద్దన్నాడు, అన్నం వండటం తప్ప వంట రాదు. అన్ని పూటలా బయటే తింటుంటే 20వ తారీఖుకే డబ్బులైపోతున్నాయి, పైగా మధ్యాహ్నం క్లాసులో నీరసం, నిద్ర. ఈ డబ్బుతో నెలంతా కడుపునిండా, ఒంటికి పట్టేలా తినడం కుదురుతుందా అని అడిగావు.

కుదురుతుంది. ఊరికే ధైర్యం చెప్పడం లేదు. అదే బ్రాడీపేటలో, ఎన్నో లైనో ఎన్నో అడ్డరోడ్డో చెప్పను గానీ, 11 ఏళ్ళు నెల మెస్ నడిపాను. రోజుకి 60 మంది పిల్లలు తినేవాళ్ళు. అంతకుముందు విజయవాడ సత్యనారాయణపురంలో చిన్న గదిలో ఉండి, వత్తుల స్టవ్ మీద వండుకుంటూ బీకామ్ చదివాను. తినేవాళ్ళ కష్టం తెలుసు, పెట్టేవాళ్ళ లెక్కా తెలుసు.

ముందు నీ లెక్కే చూద్దాం. పొద్దున టిఫిన్ 40, మధ్యాహ్నం మీల్స్ 80, సాయంత్రం టీ, బజ్జీ 30, రాత్రి ఏదో ఒక టిఫినో నూడుల్సో 50 అని రాశావు. రోజుకి 200. ఇరవై రోజులకి 4000. నీ లెక్క ఎక్కడా తప్పలేదు, డబ్బులు సరిగ్గా 20వ తారీఖుకే అయిపోవాలి. అదే లెక్కని ఇంకోరకంగా చూడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంలో పల్చటి సాంబారు, సాయంత్రం శనగపిండిలో ముంచిన మిరపకాయ, రాత్రి మైదా. ఇందులో పప్పెంత ఉంది? పెరుగెంత ఉంది? గుడ్డెక్కడుంది? రోజుకి 200 పెట్టి నువ్వు కొంటున్నది చాలావరకు పిండి, నూనె. నీరసం రాక ఏమొస్తుంది?

ఇంకోటి. నీ ఖర్చులన్నీ నీకు బాగా ఆకలేసిన గంటలో పెడుతున్నావు. పొద్దున లేటుగా లేచి కాలేజీకి పరుగెత్తే గంట, సాయంత్రం ఆరింటికి కాలేజీ నుంచి వచ్చే గంట, రాత్రి తొమ్మిదింటికి చదువు మీద నుంచి లేచే గంట. రూమ్‌లో తినడానికి ఏమీ ఉండదు, కింద వీధిలో బండి మీద నూనె కాగుతూ ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా అంతే. అందుకని నేను చెప్పబోయేదంతా ఒక్కటే: ఆ మూడు గంటలకి ముందే రూమ్‌లో ఏదో ఒకటి తయారుగా ఉండాలి. మూడు పూటలా నువ్వే వండుకోమని చెప్పను. చదువుకునే పిల్లాడు రోజంతా పొయ్యి దగ్గర కూర్చుంటే చదువెప్పుడు? అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు నీ చేతిలో పెట్టుకో. మిగతాది ఊరి మీద వదిలెయ్.

మెస్‌లో నెల కార్డు తీసుకుంటే సరిపోతుందేమో అని కూడా అడిగావు. మెస్ మూసేశాను కాబట్టి ఇప్పుడు దాచకుండా చెప్తాను. 60 మంది డబ్బులు కడితే, శనివారం రాత్రి తినేది 40 మందే. ఊరెళ్ళినవాళ్ళు, సినిమాకెళ్ళినవాళ్ళు, పరీక్ష టెన్షన్‌లో తిండి మానేసినవాళ్ళు. ఆ రానివాళ్ళ అన్నమే నా లాభం. వచ్చినవాళ్ళ దగ్గర మిగిలేది చాలా తక్కువ. నువ్వు శని ఆదివారాలు ఇంటికెళ్ళేవాడివైతే నెల కార్డు నీకు నష్టం, కూపన్లు ఇచ్చే మెస్ చూసుకో. ఇక పప్పు సంగతి. కిలో కందిపప్పు వండి 40 మందికి సరిపెట్టేదాన్ని. మనిషికి 25 గ్రాములు. మిగతాది దోసకాయ ముక్కలు, నీళ్ళు, తాలింపు వాసన. నేను మోసం చేశానని కాదు, ఆ రేటుకి అంతకన్నా కుదరదు. కందిపప్పు రేటు పెరిగిన నెలలో ఏ మెస్‌కైనా వెళ్ళి చూడు, పప్పు స్థానంలో సొరకాయ పులుసు కనిపిస్తుంది.

మంచి మెస్‌ని ఎలా పట్టుకోవాలంటే, మధ్యాహ్నం పన్నెండున్నరకి కాదు, రెండింటికి వెళ్ళు. ఆ టైమ్‌కి కూడా పెరుగు గట్టిగా ఉండి, గిన్నెలు కడిగే చోట నీళ్ళు నిలవకుండా ఉంటే ఆ మెస్ మంచిదే.

సరే, వంట దగ్గరికి వద్దాం. ఓనర్ గ్యాస్ వద్దన్నాడు కాబట్టి ఇండక్షన్ స్టవ్ ఒక్కటే దారి. కొనే ముందు గోడకున్న సాకెట్ చూడు. 2000 వాట్ల స్టవ్ పూర్తి వేడి మీద దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లదే. దానికి కన్వర్టర్ తగిలించి స్టవ్ పెడితే కొన్నాళ్ళకి ప్లగ్గు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఓనర్ వస్తాడు. ఏసీకో గీజర్‌కో ఇచ్చే పెద్ద పిన్నుల సాకెట్ రూమ్‌లో ఉంటే దానికే పెట్టు. లేకపోతే ఓనర్‌ని అడిగి ఒకటి పెట్టించుకో. ఎలాగూ 1000 వాట్ల మీద వండితే చాలు. రోజుకి ముప్పావు గంట వండితే ముప్పావు యూనిట్ కాలుతుంది, నెలకి దాదాపు 23 యూనిట్లు. మీ ఓనర్ యూనిట్‌కి 8 రూపాయలు వేస్తే 190 దాకా అవుతుంది. చెప్పకుండా వాడి తర్వాత బిల్లు దగ్గర గొడవ పడేకన్నా ముందే అడిగి సబ్ మీటర్ రీడింగ్ రాసుకో.

ఇండక్షన్ మీదకి అమ్మ ఇచ్చిన సత్తు గిన్నెలు పనికిరావు. అయస్కాంతం గిన్నె అడుగుకి అతుక్కుంటేనే అది వేడెక్కుతుంది. మూడు లీటర్ల ఇండక్షన్ కుక్కర్ ఒకటి, అందులో పట్టే స్టీలు గిన్నె ఒకటి, అడుగు చదునుగా ఉన్న చిన్న ఇనుప మూకుడు ఒకటి, గరిటె, చాకు, మూతలున్న డబ్బాలు మూడు. ఇంతకన్నా కొనకు. రెండో నెలలో కొనాలనిపించేవన్నీ మంచం కిందకే పోతాయి.

ఇప్పుడు నీకు రావాల్సిన వంట ఒక్కటే: ఆకుకూర పప్పు. ఇది వచ్చిందంటే టమాటా పప్పు, దోసకాయ పప్పు, బీరకాయ పప్పు వచ్చినట్టే. గుప్పెడు నిండా కందిపప్పు తీసుకో, 60, 65 గ్రాములు ఉంటుంది. కడిగి, నువ్వు స్నానం చేసి వచ్చేదాకా నాననివ్వు. కుక్కర్ అడుగున ఆ పప్పు, దానికి మూడింతల నీళ్ళు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె. నూనె వేస్తే పప్పు పొంగి విజిల్ రంధ్రంలోకి పోదు. కడిగి తరిగిన తోటకూర కట్ట, ఓ చిన్న ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి అందులోనే వెయ్. దాని మీద స్టీలు గిన్నెలో గ్లాసు బియ్యం, రెండు గ్లాసుల నీళ్ళు పెట్టి మూత బిగించు. 1000 వాట్ల మీద నాలుగు విజిల్స్, తర్వాత వేడి తగ్గించి ఐదు నిమిషాలు. ఆపేసి ఆవిరి దానంతట అదే పోయేదాకా ముట్టుకోకు. తొందరపడి విజిల్ ఎత్తితే అన్నం గిన్నెలోకి పప్పు నీళ్ళు చిమ్ముతాయి. నా మొదటి ఏడాదంతా పసుపు అన్నమే తిన్నాను.

గిన్నె పైకి తీసి, పప్పుని గరిటె వెనకవైపుతో మెత్తగా నలుపు. అప్పుడు ఉప్పు, నానబెట్టిన చింతపండు రసం. పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదు, పలుకుగా ఉండిపోతుంది. గోంగూర పప్పుకి ఇదే ఇబ్బంది. గోంగూరని పప్పులో కలపకుండా చిన్న గిన్నెలో విడిగా ఉడికించి, పప్పు నలిపాక కలపాలి. చివరగా మూకుడులో చెంచా నూనె, రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర, కరివేపాకు. వెల్లుల్లి అంచు ఎర్రబడగానే పప్పులో వెయ్. నల్లబడితే చేదు. మొత్తం నలభై నిమిషాల్లో అయిపోతుంది, అందులో నువ్వు నిలబడి చేసే పని పావుగంట. మిగతా టైమ్‌లో చదువుకో. విజిల్స్ లెక్కపెట్టడం మాత్రం మర్చిపోకు.

వారంలో ఒకటి రెండు రోజులు కందిపప్పు బదులు పెసరపప్పు వాడు. నానబెట్టక్కర్లేదు, త్వరగా ఉడుకుతుంది, కడుపు బాగాలేని రోజున కూడా తినొచ్చు. గుడ్లని శుభ్రంగా కడిగి అన్నం గిన్నెలోనే బియ్యంతో పాటు పెడితే ఉడికిపోతాయి. మా అత్తగారు అది చూస్తే అన్నం మైలపడిందనేవారు. ఆవిడకి చెప్పకుండా తినేవాళ్ళం.

నెల సరుకుల లెక్క చెప్తాను. ఈ మధ్య నేను కొన్న రేట్లతో వేస్తున్నాను, నువ్వు కొనేసరికి అటూ ఇటూ అవుతుంది. బియ్యం 9 కిలోలు, 500. పప్పులు 2 కిలోలు, 240. గుడ్లు 45, అంటే ట్రేన్నర, 300. రోజుకి అరలీటరు పాల ప్యాకెట్, నెలకి 900. కూరగాయలు, ఆకుకూరలు, ఉల్లిపాయలు రోజుకి 25 చొప్పున 750. నూనె లీటరు 150. చింతపండు, ఉప్పు, తాలింపు గింజలు, అవీ ఇవీ 150. వేరుశనగ గుళ్ళు కిలో 130. రోజుకో అరటిపండు, 150. మొత్తం 3270. కరెంటు 190 కలిపితే 3460. నీ 4000లో ఇంకా 540 మిగులుతాయి. ఆదివారం బయట తినడానికి, నెలలో నాలుగైదుసార్లు వండబుద్ధి కాని రోజుకి అది చాలు. బియ్యం, కారం, చింతపండు ఇంటి నుంచి వస్తే మిగిలేది ఇంకా పెరుగుతుంది. వేసవిలో మీ ఊళ్ళో కారం కొట్టించేటప్పుడు నీ వాటా రెండు కిలోలు పక్కన పెట్టించుకో. గుంటూరు వైపువాడివి దుకాణంలో కారం ప్యాకెట్ కొనుక్కుంటే అంతకన్నా అవమానం లేదు.

ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు పాలది. అందరూ మొట్టమొదట కోసేది కూడా అదే. దయచేసి దాన్ని ముట్టుకోకు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. నువ్వు 60 కిలోలుంటే 50 గ్రాములు. పైన చెప్పిన సరుకుల్లో రోజుకి పాలు, పెరుగులో 15 గ్రాములు, పప్పులో 15, గుడ్డున్నరలో 9, గుప్పెడు వేరుశనగ గుళ్ళలో 8, బియ్యంలో 20 పైచిలుకు వస్తుంది. అవసరానికి మించే ఉంది. జిమ్ముకెళ్ళే నీ ఫ్రెండ్ చెప్పిన పౌడర్ డబ్బా గురించి కూడా అడిగావు కదా, జవాబు ఇదే. ఇంకా కావాలనిపిస్తే మీల్ మేకర్ పావుకిలో కొనుక్కో. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, టమాటాతో వండు. పిండకపోతే ఆ వాసనకి మళ్ళీ జన్మలో తినవు.

నీరసం అన్నావు కాబట్టి ఇంకో మాట. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే మానెయ్. తిన్న ఆకుకూరలో, పప్పులో ఉన్న ఐరన్‌ని టీ ఒంటికి పట్టనివ్వదు. గంటన్నర ఆగి తాగు. పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, చింతపండు బదులు టమాటా వేసుకున్నా దానికి మంచిదే. రెండు నెలలు ఇలా తిన్నాక కూడా నీరసం తగ్గకపోతే తిండిని తిట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకో.

కూరగాయలకి మీ పట్టాభిపురం రైతు బజారో, చుట్టుగుంట రైతు బజారో చాలు. 1999లో ఈ రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ గేటు దగ్గర ఆ రోజు రేట్ల బోర్డు ఉంటుంది. లోపలికి వెళ్ళే ముందు ఒక నిమిషం దాని ముందు నిలబడు. ఏ కూర తక్కువుందో చూసి ఆ వారం ఏం తినాలో అక్కడే అనుకో. వంకాయ తినాలనుకుని వెళ్ళి వంకాయే కొనేవాళ్ళకి ఎప్పుడూ ఖర్చెక్కువ. బస్టాండ్ దగ్గర కొల్లి శారద మార్కెట్‌లో ఇంకా చవక, కానీ అది హోల్‌సేల్. ఒక్కడివి వెళ్ళి ఐదు కిలోల దొండకాయలు తెచ్చుకుంటే నాలుగో రోజుకి పండిపోతాయి. నలుగురు రూమ్‌ల వాళ్ళు కలిస్తే వెళ్ళండి.

ఫ్రిజ్ లేదు కాబట్టి తెచ్చిన కూరల్ని వరసపెట్టి వాడాలి. మొదటి రెండు రోజులు ఆకుకూరలు. తడిగుడ్డలో చుట్టి పెట్టు, ప్లాస్టిక్ కవర్‌లో వదిలేస్తే తెల్లారేసరికి కుళ్ళుతుంది. తర్వాత బెండకాయ, బీరకాయ, వంకాయ. వారం చివరికి దోసకాయ, బంగాళదుంప, కంద. టమాటాలు సగం పచ్చివి, సగం దోరవి ఏరుకో. ఒక్కడికి కూరగాయ కిలో ఎప్పుడూ ఎక్కువే. పావుకిలో ఇమ్మంటే కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇక్కడ నా తప్పొకటి చెప్తాను. మెస్ పెట్టిన మూడో ఏడు, మే నెల. బంధువుల పెళ్ళికి వెళ్ళే హడావిడిలో పొద్దున పదింటికే పప్పు వండి, పొగలు కక్కుతుండగానే క్యారేజీల్లో మూత బిగించేశాను. మధ్యాహ్నం కొన్ని ఇచ్చి, మిగతావి రాత్రికి కూడా అవే పంపమని పనమ్మాయికి చెప్పి వెళ్ళాను. రాత్రి ముగ్గురు పిల్లలకి వాంతులు. అర్ధరాత్రి ఆటోలో తిరిగొచ్చి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్న పిల్లల పక్కన తెల్లారేదాకా కూర్చున్నాను. అందులో ఒకడు "పప్పు బాగానే ఉందాంటీ, కొంచెం పుల్లగా ఉందంతే, చింతపండేమో అనుకున్నా" అన్నాడు. వాళ్ళ దగ్గర ఆ నెల డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత వేడి పప్పుకి ఎప్పుడూ మూత బిగించలేదు.

మన ఎండల్లో పప్పు ఒక్క పూటదే. పొద్దున వండింది మధ్యాహ్నానికి తినెయ్, రాత్రికి ఉంచకు. చలికాలంలో రాత్రి దాకా ఉంటుంది. తినేముందు బాగా మరిగించు. పులుసు, పులిహోర కొంచెం ఎక్కువసేపు ఆగుతాయి, చింతపండు కాపాడుతుంది. అన్నాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు. వండిన అన్నం గంటల తరబడి గది వేడికి ఉంటే అందులో ఒక రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే నిన్నటి అన్నంతో ఈరోజు సాయంత్రం ఫ్రైడ్ రైస్ చేసుకునే ప్రయోగాలు వద్దు.

మరి రాత్రి మిగిలిన అన్నం ఏం చెయ్యాలి? మన పెద్దవాళ్ళు చేసిందే. అన్నం గోరువెచ్చగా ఉండగానే, వండాక మూడో గంట దాకా ఆగకుండా, కాచిన పాలు మునిగేదాకా పోసి, చెంచా పెరుగు కలిపి తోడు పెట్టెయ్. పొద్దునకి తోడన్నం. పుల్లబడిన అన్నంలో ఆ చెడు పురుగు అంత తేలిగ్గా పెరగదు. ఉల్లిపాయ ముక్క, ఊరి నుంచి తెచ్చిన మామిడికాయ పచ్చడి. స్టవ్ వెలిగించక్కర్లేదు, బండి దగ్గర నిలబడక్కర్లేదు, 40 రూపాయలు పెట్టక్కర్లేదు. పొద్దున పరుగెత్తే గంట ఇలా గట్టెక్కుతుంది. పైన లెక్కలో బియ్యం 9 కిలోలు వేసింది అందుకే. రోజూ ఇదే తినలేవు, తెలుసు. మధ్యలో ఉప్మా, అటుకులు, ఉడికించిన గుడ్లు, అరటిపండు పెట్టుకో. కందిపొడి డబ్బా ఒకటి అమ్మతో చేయించుకో. వేడి అన్నం, నెయ్యి, కందిపొడి ఉంటే ఆ పూట వేరే పప్పు వండకపోయినా పర్వాలేదు, అదీ పప్పే కదా.

సాయంత్రం ఆరింటి గంట అన్నిటికన్నా ప్రమాదం. గుంటూరులో ఉండి మిర్చి బజ్జీ తినొద్దని చెప్పేంత పాపం నేను చెయ్యలేను. కానీ రోజుకి 30 అంటే నెలకి 900. అంటే నీ పాల ఖర్చు మొత్తం. పొద్దున వెళ్ళేముందు గుప్పెడు శనగలు నీళ్ళలో వేసి వెళ్ళు. వచ్చాక కుక్కర్‌లో ఉడికించి, ఉప్పు వేసి తాలింపు పెట్టు. ఓపిక లేదా, వేయించిన వేరుశనగ గుళ్ళు, చిన్న బెల్లం ముక్క. అవి తిన్నాక కూడా బజ్జీ కావాలనిపిస్తే వెళ్ళి తిను, అప్పుడు నాలుగు కాకుండా రెండే తింటావు.

కర్రీ పాయింట్ నీలాంటి వాడికి పెద్ద అండ, తెలివిగా వాడుకోవాలంతే. పప్పు, సాంబారు, రసం అక్కడ కొనకు. నీళ్ళకి డబ్బు పెట్టినట్టే. తరగడానికి, వేయించడానికి టైమ్ పట్టేవి కొనుక్కో: దొండకాయ వేపుడు, కాకరకాయ, గుత్తి వంకాయ. ఇంట్లో ఒక్కడికి అవి వండుకోవడానికి అయ్యే నూనె, టైమ్ చూస్తే ప్యాకెట్టే చవక. స్టీలు డబ్బా తీసుకెళ్ళు. వేడి కూర ప్లాస్టిక్ కవర్‌లో మోయక్కర్లేదు, పైగా డబ్బా చూస్తే గరిటె కొంచెం నిండుగా పడుతుంది. గరిటె పట్టుకున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను. రాత్రి తొమ్మిది దాటాక కొబ్బరి వేసిన కూర, పెరుగు పచ్చడి కొనకు. అవి ఏ పూటవో అమ్మేవాడికి కూడా గుర్తుండదు.

నెలాఖరున నిజంగా చేతిలో ఏమీ లేకపోతే అన్న క్యాంటీన్‌కి వెళ్ళు. 2018లో పెట్టారు, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. పూటకి 5 రూపాయలు, ఆదివారం ఉండదు. "అక్కడ క్యూలో నిలబడితే క్లాసువాళ్ళు చూస్తారేమో" అని రాశావు. మా తాత తెనాలిలో వారాలు చేసుకుని చదువుకున్నాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు ఇళ్ళలో ఏడు రోజులు అన్నం. బుధవారం ఇంటావిడ ఊరెళ్తే ఆ రోజు పస్తు. ఆయన చివరిదాకా బుధవారం రెండోసారి అన్నం అడిగి పెట్టించుకునేవాడు. ఆ ఏడిళ్ళ పేర్లూ ఎనభై ఏళ్ళ వయసులో కూడా వరసగా చెప్పేవాడు. క్యూలో నిన్నెవరైనా చూస్తే వాళ్ళూ క్యూలోనే ఉన్నారని గుర్తుపెట్టుకో.

ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఒక్కడి కోసం తెప్పిస్తే కూర ఖర్చు, మోత ఖర్చు దాదాపు సమానం. ఆ యాప్ తీసెయ్.

ఆదివారం నాన్‌వెజ్ మానక్కర్లేదు. ఫ్రిజ్ లేదు కాబట్టి చికెన్ పావుకిలో మాత్రమే కొట్టించుకుని ఆ పూటే వండి ఆ పూటే తినెయ్. కార్జం, కందనకాయలు ఇంకా తక్కువలో వస్తాయి, బలం కూడా. నేను మాత్రం ఎండు రొయ్యల పక్షం. బాపట్ల, నిజాంపట్నం వైపు నుంచి వస్తాయి. డబ్బాలో పోసి పెట్టుకుంటే నెల దాకా ఏమీ కాదు, ఫ్రిజ్ అక్కర్లేదు. తలలు, తోకలు తీసి, పొడి మూకుడులో వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వంకాయలోనో దోసకాయలోనో వేస్తే గుప్పెడు రొయ్యలతో రెండు పూటల అన్నం వెళ్ళిపోతుంది. కాకపోతే అవి వేగే వాసన మూడు ఇళ్ళ దాకా పోతుంది. మీ ఓనర్ ఏం తింటాడో ముందు కనుక్కో. తినేవాడైతే ఒక గిన్నెలో కొంచెం కూర పైకి పంపు. పెద్ద సాకెట్ సంగతి ఆ మర్నాడు అడుగు.